దొరలు పారిపోతే పొలం ఖాళీ అయినట్టేనా

అమెరికా ప్రభుత్వం 1865 మార్చి 3న ఒక కొత్త శాఖ పెట్టింది. బానిసత్వం నిలుపుకోవడానికి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకీ ఉత్తరాది ప్రభుత్వానికీ మధ్య నడిచిన అంతర్యుద్ధం ఇంకా పూర్తిగా ముగియలేదు. ఆ శాఖ పూర్తి పేరు తెలుగులో చెప్పాలంటే "శరణార్థుల, విముక్తుల, వదిలేసిన భూముల శాఖ". విముక్తులంటే బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు. అంత పొడుగు పేరు ఎవరూ పలకరు కాబట్టి అందరూ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అంటారు. అలా కుదించినప్పుడు రాలిపోయిన ఆఖరి ముక్కే నన్ను కొన్ని నెలలుగా వదలడం లేదు. వదిలేసిన భూములు. వాటిని వదిలేసింది ఎవరు?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురవ్వలేదు. మేం ఉత్తర కరొలైనాలోని షార్లెట్‌లో ఉంటాం. పోయిన చలికాలం సెలవుల్లో కారు వేసుకుని దక్షిణ కరొలైనా తీరంలోని సెయింట్ హెలీనా దీవికి వెళ్ళాం. ఓక్ చెట్ల కొమ్మల నుంచి బూడిదరంగు నాచు జడల్లా వేలాడుతూ ఉంటుంది. రోడ్డుకి అటూ ఇటూ చిన్న చిన్న ఇళ్ళు, ఇంటి వెనక కాస్త దొడ్డి, దాని వెనక ఉప్పునీటి మడుగులు. 1862లో విముక్తుల పిల్లల కోసం మొదలైన పెన్ స్కూలు ఇప్పుడు పెన్ సెంటర్ పేరుతో అక్కడే ఉంది. అక్కడి బోర్డు మీద "ఎబాండన్డ్ ప్లాంటేషన్స్" (దొరలు వదిలేసిన పెద్ద సాగు భూములు) అన్న మాట చూడగానే మా తాతయ్య గుర్తొచ్చాడు.

అమ్మ నాన్నగారు గుంటూరు జిల్లాలో నాలుగెకరాలు కౌలుకి చేసేవాడు. ఇరవై మూడేళ్ళు అదే పొలం. దాని ఆసామి కుటుంబం హైదరాబాదులో స్థిరపడిపోయింది. ఏడాదికోసారి కౌలు డబ్బుకి తప్ప ఎవరూ గట్టు తొక్కింది లేదు. ఒకరోజు కారులో నలుగురు దిగి టేపు పెట్టి కొలవడం మొదలుపెట్టారు. మిరప మోకాలెత్తున ఉంది. తాతయ్య పరుగెత్తుకెళ్ళి "బాబుగారూ, కాపు మీదుందండీ" అంటే, వచ్చినాయన కొనేవాళ్ళ వైపు తిరిగి "ఖాళీ పొలమేనండీ, ఇబ్బందేం లేదు" అన్నాడట. మిరప మొక్కల మధ్య నిలబడి ఆ మాట అన్నాడు. అమ్మ అప్పుడు పదో తరగతి. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతుంది.

ఆసామి పక్కన లేకపోతే పొలాన్ని ఖాళీ అనడం మా ఊరికి కొత్త కాదు. అమెరికాలో అదే మాట చట్టం భాషగా మారి లక్షల ఎకరాల మీద పడింది.

1861 నవంబరు 7న ఉత్తరాది నౌకాదళం పోర్ట్ రాయల్ అఖాతంలోకి దూసుకొచ్చి, తీరంలో దక్షిణాది వాళ్ళ కోటల్ని ఫిరంగులతో కొట్టింది. కొన్ని గంటల్లో కోటలు పడిపోయాయి. బ్యూఫర్ట్ పట్నంలో, చుట్టూ ఉన్న దీవుల్లో తెల్లదొరలు సామాను కూడా సర్దుకోకుండా పడవలెక్కి పారిపోయారు. పోతూ పోతూ బానిసల్ని కూడా తోలుకుపోదామని చూశారు. ఎక్కువమంది పొదల్లో, మడుగుల్లో దాక్కున్నారు. రానని మొండికేసిన కొందరిని కాల్చేశారు కూడా. సుమారు 10,000 మంది దీవుల్లోనే మిగిలారు. ఆ రోజుని అక్కడివాళ్ళు తరతరాలుగా "పెద్ద తుపాకుల మోత మోగిన రోజు" అని చెప్పుకుంటూ వచ్చారు.

దొరలు లేరు. ఉత్తరాది అధికారులు ఇంకా ఏ నిర్ణయానికీ రాలేదు. ఆ మధ్యకాలంలో ఆ పదివేల మంది ఏం చేశారో చూడండి. చాలాచోట్ల పత్తి గింజ తీసే జిన్నింగు మిషన్లు విరగ్గొట్టారు. మొక్కజొన్న, చిలగడదుంప వేసుకున్నారు. తర్వాత వచ్చిన ఉత్తరాది సూపర్‌వైజర్లకి ఇది అర్థం కాలేదు. వీళ్ళకి పత్తి మీద శ్రద్ధ లేదు, తిండిగింజలంటేనే మోజు అని ఉత్తరాల్లో విసుక్కున్నారు. మా తాతయ్యనడిగితే రెండు ముక్కల్లో చెప్పేవాడు: ముందు గాదె నిండాలి, తర్వాతే సంతకి వెళ్ళే పంట. రేపు ఎవరొస్తారో, ఏం లాక్కుపోతారో తెలియనివాడు తినే పంటే వేస్తాడు.

పైగా అక్కడి పత్తి ఎలాంటి పత్తో కూడా గుర్తుంచుకోవాలి. సీ ఐలాండ్ రకం, పొడవు పింజ, పట్టులా మెత్తన. దాని ధర మామూలు పత్తికి అందనంత ఎత్తులో ఉండేది. ఆ ధర దొర సంచిలోకి వెళ్ళేది. మడుగుల్లోంచి ఉప్పుబురద తీసి మోసుకొచ్చి చేనికి ఎరువుగా పోసింది మాత్రం బానిసలు. కాస్త లోపలికి వెళితే నదుల పక్కన వరి మళ్ళు. అడవి కొట్టి, బురదలో నడుముల దాకా దిగి, పోటు నీటిని ఆపే కరకట్టలు కట్టిందీ, తూములు పెట్టిందీ వాళ్ళే. అలాంటి పొలాన్ని, కట్టినవాళ్ళు అక్కడే నిలబడి ఉండగా, "వదిలేసిన భూమి" అని రాసుకున్నారు. దొర లెక్కలో వాళ్ళు పొలంతో పాటు వచ్చిన ఆస్తి. కొత్త ప్రభుత్వం వాళ్ళని ఆస్తి జాబితా నుంచి తీసేసింది. కానీ సాగుదారుల జాబితాలోకి ఎక్కించలేదు.

దీవుల్లో మొదటి కాగితం పన్ను వేలం రూపంలో వచ్చింది. తిరుగుబాటు ప్రాంతాల్లో భూమి పన్ను కట్టకపోతే ఆ భూమిని వేలం వేయొచ్చని 1862లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ చట్టం చేసింది. పారిపోయిన దొరలు పన్ను కడతారా? 1863 మార్చిలో వేలం మొదలైంది. బోస్టన్ నుంచి వచ్చిన ఎడ్వర్డ్ ఫిల్‌బ్రిక్ అనే ఆయన ఎకరం సుమారు డాలరు చొప్పున 11 ప్లాంటేషన్లు కొనేశాడు. బానిసత్వాన్ని వ్యతిరేకించిన మనిషే. కూలి ఇచ్చి కూడా పత్తి లాభసాటిగా పండించవచ్చని లోకానికి చూపిస్తానన్నాడు, చూపించాడు, బాగా సంపాదించాడు. కొన్ని చోట్ల విముక్తులు తలా కాస్త పోగేసి, పదిమంది కలిసి ఒక ప్లాంటేషన్ కొన్నారు. చేతిలో డబ్బున్నవాళ్ళు తక్కువ. తాము దున్నుతున్న చెక్కని ముందుగా తమకే, ఎకరం డాలరుంపావుకి అమ్మాలని వాళ్ళు అడిగితే లింకన్ 1863 ఆఖరులో సరేనన్నాడు. జనం డబ్బు తెచ్చి అధికారుల ముందు పెట్టారు. 1864 ఫిబ్రవరికల్లా వాషింగ్టన్ నుంచి ఆ ఉత్తర్వు రద్దయింది. చాలా భూమి మళ్ళీ వేలానికే వెళ్ళింది.

ఆ తర్వాతి ఏడాది జరిగిన సమావేశం అందరికీ తెలిసినదే అయినా ఒకసారి చెప్పుకోవాలి. 1865 జనవరి 12 రాత్రి సవానా పట్నంలో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్, యుద్ధమంత్రి స్టాంటన్ కలిసి 20 మంది నల్లజాతి చర్చి పెద్దలతో కూర్చున్నారు. వాళ్ళ తరఫున మాట్లాడింది గారిసన్ ఫ్రేజియర్. వయసు 67. వెయ్యి డాలర్ల బంగారం, వెండి ఇచ్చి తననీ తన భార్యనీ తానే కొనుక్కున్న మనిషి. మీకేం కావాలి అని అడిగారు. భూమి కావాలి, దాన్ని మా సొంత కష్టంతో దున్నుకుంటాం, మమ్మల్ని మేం పోషించుకునే దారి అదే అన్నాడు. నాలుగు రోజుల తర్వాత, జనవరి 16న, షెర్మన్ 15వ నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. చార్లెస్టన్ నుంచి కిందకి దీవులన్నీ, సముద్రం నుంచి 30 మైళ్ళ లోపలి దాకా నదుల పక్కన వదిలేసిన వరి పొలాలు, ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నది ఒడ్డు. కుటుంబానికి 40 ఎకరాలకి మించకుండా. జూన్ నాటికి సుమారు 40,000 మంది 4 లక్షల ఎకరాల్లో స్థిరపడ్డారు.

కానీ ఆ ఉత్తర్వులో ఇచ్చింది స్వాధీన పత్రం. మన భాషలో చెప్పాలంటే అనుభవ హక్కు, పట్టా కాదు. కాంగ్రెస్ తేల్చేదాకా మీరు ఉండొచ్చు అన్నంతవరకే. తెలుగు ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఇక్కడే గుండె జారుతుంది. అడంగల్లో అనుభవదారు గడిలో పేరుంటే ధైర్యంగా ఉంటాం. కోర్టు మెట్లెక్కాక పట్టాదారు గడిలో ఎవరున్నారని అడుగుతారు.

బ్యూరో పెట్టిన చట్టం ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. 40 ఎకరాల దాకా మూడేళ్ళు కౌలుకి ఇస్తాం, ఆ లోపు కొనుక్కోవచ్చు అంది. ఎలాంటి హక్కుతో? "అమెరికా ప్రభుత్వం ఇవ్వగలిగినంత హక్కుతో". చట్టంలోనే ఆ మాట ఉంది. అమ్మేవాడు తనకి ఎంత హక్కుందో తనకే తెలియదని దస్తావేజులో రాసి ఇచ్చినట్టు.

ఏప్రిల్‌లో లింకన్‌ని చంపేశారు. మే 29న కొత్త అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ క్షమాభిక్ష ప్రకటించాడు. తిరుగుబాటు చేసినవాళ్ళు విధేయత ప్రమాణం చేస్తే చాలు, బానిసలు తప్ప మిగతా ఆస్తి అంతా వెనక్కి వస్తుంది. పెద్ద ఆస్తిపరులు విడిగా అర్జీ పెట్టుకోవాలన్నారు. పెట్టుకున్నారు, వచ్చాయి. బ్యూరో కమిషనర్ జనరల్ హోవర్డ్ జులైలో ఒక సర్క్యులర్ పంపాడు: క్షమాభిక్ష వచ్చినా సరే, విముక్తుల కోసం పక్కన పెట్టిన భూములు వెనక్కి ఇవ్వొద్దు అని. జాన్సన్ దాన్ని ఉపసంహరింపజేసి సెప్టెంబరులో దానికి పూర్తి విరుద్ధమైన సర్క్యులర్ హోవర్డ్ పేరు మీదే ఇప్పించాడు. ఇచ్చినవి తిరిగి లాక్కునే ఉత్తర్వు మీద, ఇవ్వాలనుకున్నవాడి సంతకమే ఉంది.

అక్టోబరులో అదే హోవర్డ్‌ని ఎడిస్టో దీవికి పంపారు, విముక్తులకి నచ్చజెప్పి రమ్మని. ఎడిస్టో జనం అప్పటికే ఒకసారి కదిలినవాళ్ళు. 1862లో సైన్యం దీవి ఖాళీ చేస్తూ వాళ్ళని సెయింట్ హెలీనాకి తీసుకుపోయింది, 1865లో మళ్ళీ ప్రభుత్వమే తెచ్చి దించింది. ఇప్పుడు చర్చి నిండా జనం. హోవర్డ్ సంగతి చెప్పగానే గోల మొదలైంది. ఒక ముసలావిడ దుఃఖపు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు గొంతు కలిపారు. తనకి మాట పెగల్లేదని హోవర్డే తర్వాత రాసుకున్నాడు.

ఆ రోజుల్లోనే ఎడిస్టో వాళ్ళు ముగ్గురితో కమిటీ వేసుకుని ఆయనకి ఉత్తరం రాశారు. హెన్రీ బ్రామ్, ఇష్మాయేల్ మౌల్ట్రీ, యేట్స్ శాంప్సన్. ఆ పేర్లు తెలుగులో ఒకచోట ఉండాలని నాకనిపించింది. పాత యజమానుల్ని క్షమించమని అడుగుతున్నారు, యుద్ధంలో మీరు కుడి చేయి మాత్రమే పోగొట్టుకున్నారు, మీరు క్షమించగలరేమో అన్నారు. హోవర్డ్ కుడి చేయి 1862లో పోయింది నిజమే. కానీ నన్ను చెట్టుకి కట్టి 39 దెబ్బలు కొట్టినవాణ్ని, నా తల్లినీ చెల్లినీ బట్టలూడదీసి కొట్టినవాణ్ని నేనెలా క్షమించను, వాడి గుడిసెలో ఉండి వాడు చెప్పిన పని చేయకపోతే ఉండనివ్వనంటున్నవాణ్ని ఎలా క్షమించను అని అడిగారు. మా తండ్రుల ఎముకలు పెట్టుకునేంత భూమి కూడా మాకు దక్కకుండా చూడాలని వాళ్ళంతా ఒక్కటయ్యారు అని కూడా రాశారు. ఈ వాక్యం చదివాక నేను ఆ రోజుకి పుస్తకం మూసేశాను.

ఇక్కడ ఒక వాదన తరచూ వినిపిస్తుంది. చదువుకున్న స్నేహితులే అంటారు: ఏం చేస్తారండీ, రాజ్యాంగం ఆస్తి హక్కుని కాపాడుతుంది, యుద్ధం అయ్యాక దేశం కలవాలి కదా, వేరే దారి లేదు. నేను ఒప్పుకోను. రాజద్రోహికి శిక్షగా తీసుకునే ఆస్తి ఆ మనిషి బతికున్నంత కాలమే అన్న నియమం రాజ్యాంగంలో ఉన్న మాట నిజమే. దాన్ని చూపించే, తిరుగుబాటుదారుల ఆస్తి తీసుకోవడానికి చేసిన జప్తు చట్టాన్ని కుంటిదాన్ని చేశారు. కానీ అదే ప్రభుత్వం, అదే దీవుల్లో, పన్ను బాకీ కింద అదే దొరల భూముల్ని శాశ్వతంగా అమ్మింది. ఆ అమ్మకాలు నిలబడ్డాయి. రాబర్ట్ స్మాల్స్ సంగతి చూడండి. 1862 మేలో దక్షిణాది సైన్యం ఓడనే నడుపుకుంటూ చార్లెస్టన్ రేవు నుంచి కుటుంబంతో సహా తప్పించుకున్న మనిషి. బ్యూఫర్ట్‌లో తను ఏ ఇంటి వెనక బానిసగా పుట్టాడో ఆ ఇంటినే పన్ను వేలంలో కొన్నాడు. పాత హక్కుదారు కేసు వేస్తే 1878లో సుప్రీంకోర్టు స్మాల్స్ వైపే తీర్పిచ్చింది. ఆయన కాంగ్రెస్ సభ్యుడు కూడా అయ్యాడు.

అంటే దొరల భూమి విముక్తుల చేతికి శాశ్వతంగా వెళ్ళడం అసాధ్యమేమీ కాదు. పడవలో గంటల దూరంలో ఉన్న రెండు దీవుల్లో ఒకే రకం జనం, ఒకే రకం నేల, ఒకే రకం దొరలు. సెయింట్ హెలీనాలో అమ్మకం కాగితం దొరికినవాళ్ళ మనవలు ఇంకా అక్కడున్నారు. ఎడిస్టోలో స్వాధీన పత్రం దొరికినవాళ్ళ దగ్గరికి 1866లో కూలి ఒప్పందాలు పట్టుకొచ్చారు, సంతకం పెట్టండి, లేకపోతే దీవి వదిలిపోండి అని. దారి కనిపిస్తూనే ఉంది. ఎటు వెళ్ళాలో ఎంచుకున్నారు.

కాంగ్రెస్‌లో థాడియస్ స్టీవెన్స్ 1866 ఫిబ్రవరిలో, జప్తు చేసిన భూముల్నీ కలిపి పంచుదామని సవరణ తెస్తే 126కి 37 ఓట్లతో ఓడిపోయింది. బానిసత్వం పోవాలని ఓటేసినవాళ్ళలో చాలామంది దీనికి చేయి ఎత్తలేదు. దాని బదులు ఆ జూన్‌లో దక్షిణాది హోంస్టెడ్ చట్టం తెచ్చి అయిదు రాష్ట్రాల్లో ప్రభుత్వ భూములు తెరిచారు. ఎక్కువ భాగం చిత్తడి, పైన్ అడవి. ఎడ్లు లేవు, విత్తనం లేదు, మొదటి పంట వచ్చేదాకా తినడానికి లేదు. మన దగ్గర రాళ్ళ గుట్ట మీద అసైన్డ్ పట్టా ఇచ్చి ఫోటో దిగినట్టే ఉంది ఈ వ్యవహారం.

వాళ్ళకి సొంతంగా సేద్యం చేతకాదన్న మాటకి జవాబు మిసిసిపీలో ఉంది. డేవిస్ బెండ్ అని నది వంపులో ఉన్న భూమి. దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్, ఆయన అన్న జోసెఫ్‌ల ప్లాంటేషన్లు అక్కడివే. 1865లో అక్కడ విముక్తులు 181 జట్లుగా ఏర్పడి సాగుచేశారు. తమ పంచాయితీలు తామే నడుపుకున్నారు. ఏడాది చివర దాదాపు 2,000 బేళ్ళ పత్తి, ఖర్చులన్నీ పోను సుమారు 1,60,000 డాలర్లు మిగిలాయి. ఆ మరుసటి ఏడాది భూమి జోసెఫ్ డేవిస్ చేతికి తిరిగొచ్చింది. ఆయన దాన్ని 3 లక్షల డాలర్ల అప్పు మీద, ఒకప్పటి తన బానిస బెంజమిన్ మాంట్‌గమరీకే అమ్మాడు. వరదలు, పడిపోయిన పత్తి ధరలు, పెరిగిన వడ్డీ. చివరికి అది మళ్ళీ డేవిస్‌ల చేతికే పోయింది. పత్తి ధర పడిపోయిన ఏడాది పురుగుమందు కొట్టు ముందు నిలబడ్డ మన రైతుకి ఈ కథలో ఏదీ కొత్తగా అనిపించదు.

నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలిన మాట వర్జీనియాలో యార్క్‌టౌన్ దగ్గర 1866లో బేలీ వయట్ అన్నది. అక్కడ వదిలేసిన పొలాల్లో స్థిరపడ్డ విముక్తుల్ని సైన్యం ఖాళీ చేయమంది. ఆయన లేచి చెప్పాడు: మేమున్న ఈ భూములు కొనడానికి మా భార్యల్ని, మా పిల్లల్ని, మా భర్తల్ని మళ్ళీ మళ్ళీ అమ్మారు, అందుకే ఈ నేల మీద మాకు దేవుడిచ్చిన హక్కుంది. తర్వాత అడిగాడు, అడవి కొట్టింది మేం కాదా, మొక్కజొన్న, పత్తి, పొగాకు, వరి, చెరకు పండించింది మేం కాదా, ఉత్తరాన పెద్ద పెద్ద పట్నాలు లేచింది మా పత్తి మీద కాదా?

ఇది ఆవేశంతో అన్న మాట అనుకోవద్దు. అక్షరాలా లెక్క. కొత్త పొలం కొనడానికి దొర ఒక కుటుంబంలోంచి పిల్లని అమ్మేవాడు, లేదా బానిసల్నే తనఖా పెట్టి అప్పు తెచ్చేవాడు. పొలం ధరలో ఆ పిల్ల ధర ఉంది. అలాంటప్పుడు ఎవరి ఆస్తి హక్కుని కాపాడినట్టు? ఇదే ప్రభుత్వం 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలో బానిసల్ని విడిపించినప్పుడు యజమానులకి మనిషికి 300 డాలర్ల దాకా నష్టపరిహారం ఇచ్చింది. విడుదలైనవాళ్ళు దేశం వదిలి వలసపోతే తలకి 100 డాలర్ల దాకా ఇస్తామంది.

భూమి ఒక్కటే ఇచ్చి ఉంటే అంతా బాగుపడేదని నేననను. ముసుగు మూకలు, ఓటు లాక్కున్న చట్టాలు, అప్పు పుస్తకం చేతిలో పెట్టుకున్న కొట్టువాడు, ఇవన్నీ ఎలాగూ వచ్చేవి. కానీ సొంత నేల ఉన్నవాడు ఆ కొట్టువాడి ముందు నిలబడే తీరు వేరు. సగపాలుకి చేసేవాడు నిలబడే తీరు వేరు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఏ ఇంటి ముందుకెళ్ళినా ఇది తెలుస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద కౌలు రైతుకిచ్చే కార్డు 11 నెలలకే, అదీ ఆసామి సంతకం పెడితేనే అన్నారు. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వరేమోనన్న టెన్షన్‌తో అడగనివాళ్ళు మా ఊళ్ళోనే ఎంతోమంది. కార్డు లేనివాళ్ళ పంట పోతే ఆ నష్టం డబ్బు తరచూ పట్టాదారు ఖాతాలో పడుతుంది. రెండు దేశాలు, రెండు చరిత్రలు. బానిసత్వానికీ కౌలుకీ పోలిక పెట్టే సాహసం చేయను. నేలని చూసేటప్పుడు దున్నేవాణ్ని చూడని ఆ చూపు మాత్రం నాకు బాగా తెలిసినదే.

సెయింట్ హెలీనాలో అప్పుడు కొన్న చెక్కలకి ఇప్పుడు వేరే కష్టం వచ్చింది. తెల్లవాళ్ళ కోర్టుల మీద నమ్మకం లేక చాలామంది వీలునామా రాయకుండానే పోయారు. భూమి వారసులందరికీ ఉమ్మడి అయింది. నాలుగు తరాలయ్యేసరికి న్యూయార్క్‌లో ఉన్న ముని మనవడికీ అందులో ఒక వాటా. ఎక్కడో ఒకరి వాటా బిల్డరు కొంటాడు, భాగపంపకం చేయమని కోర్టుకి వెళతాడు, కోర్టు మొత్తం వేలం వేయమంటుంది. దీన్ని కొంత అడ్డుకోవడానికి దక్షిణ కరొలైనా 2016లో ఒక చట్టం చేసింది. పక్కనే రిసార్టులు లేవడంతో భూమి విలువ పెరిగింది, దాంతో పన్నూ పెరిగింది. కట్టలేని చెక్కలు పన్ను బాకీ వేలానికి వెళుతున్నాయి. 1863లో బ్యూఫర్ట్‌లో జరిగిన వేలం లాంటిదే, దిశ మారింది.

తిరిగి వచ్చేటప్పుడు హిల్టన్ హెడ్ దీవి మీదుగా వచ్చాం. గోల్ఫ్ మైదానాలు, ఎత్తయిన గేట్లు, గేటు దగ్గర సెక్యూరిటీ గది. ఆ గేట్ల లోపల కొన్నిచోట్ల పాత సమాధులున్నాయి. గల్లా వాళ్ళు, అంటే ఈ దీవుల్లోని ఆ బానిసలూ వాళ్ళ వారసులూ, తమ మనుషుల్ని నీటి ఒడ్డున పాతిపెట్టేవాళ్ళు, పైన గవ్వలు గానీ, చనిపోయినవాళ్ళు వాడిన గిన్నెలు గానీ పెట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ కుటుంబాల వాళ్ళు తాతముత్తాతల దగ్గరికి వెళ్ళాలంటే కారు గేటు దగ్గర ఆపి, అద్దం దించి, లోపల ఎవరిని చూడటానికి వచ్చారో చెప్పాలి.